చేయి వణకని రోజులు

మొన్న శుక్రవారం ఖత్ పెట్టించుకుందామని బయల్దేరితే కోరుట్లలో ఒక్క కటింగ్ షాపు కూడా తెరిచి లేదు. ఖత్ అంటే గడ్డం అంచును కత్తితో దిద్దడం. చెంప మీద ఒక గీత, గొంతు కింద ఒక గీత. గడ్డం పెంచుకునే మావాళ్లకు జుమ్మా నమాజుకు ముందు అదొక అలవాటు. మూడు షాపులు తిరిగాను, మూడింటికీ షట్టర్లే. నాలుగో చోట పక్కనున్న చెప్పుల షాపాయన, క్షౌరశాలల సంఘంలో ఒక పెద్దమనిషి పోయాడని, దహనం అయ్యేదాకా ఊళ్లో అన్ని షాపులూ బంద్ పెట్టారని చెప్పాడు. ఎవరని అడిగితే పేరు చెప్పలేదు. భుజాన తువ్వాల, కాలు నిలవని మనిషి అన్నాడు. అంతే చాలింది.

నేను కూడా పేరు రాయను. నాది మెడికల్ షాపు. ఎవరింట్లో ఏ రోగముందో తెలిసి తెలియనట్టు ఉండడమే మా పనిలో సగం. ఆయన పోయాడు కదా అని ఆ కట్టుబాటు తప్పడం నాకిష్టం లేదు. ఆయన గురించి చెప్పే పేరుతో నా గురించీ కొంత చెప్పుకోవాల్సి ఉంది, అది వేరే సంగతి.

మొదటిసారి నా కౌంటరు దగ్గరికి వచ్చినప్పుడు ఆయనకు నలభై దాటి ఉంటాయి. వెంట భార్య ఉంది. చీటీ ఆమే ఇచ్చింది. జగిత్యాలకు పదిహేను రోజులకోసారి వచ్చే మానసిక వైద్యుడు రాసిన చీటీ అది. అందులో రెండు మందులు. ఒకటి హాలోపెరిడాల్. లేని మాటలు వినిపించేవాళ్లకు, లేని మనుషులు వెంటపడుతున్నారని భయపడేవాళ్లకు ఇస్తారు. రెండోది ట్రైహెక్సీఫెనిడిల్. మొదటి మందు వల్ల చేతులు వణుకుతాయి, ఒళ్లు బిగుసుకుంటుంది. అలా కాకుండా చూడడానికి ఇది. సైజులో రెండూ చిన్న బిళ్లలే. ఆయన మాత్రం మొదటిదాన్ని పెద్దది అనీ, రెండోదాన్ని చిన్నది అనీ పిలిచేవాడు. పెద్దది పక్కింటోళ్లతో మాట్లాడుతుందట, అందుకని దానికి ఆ గౌరవం.

పక్కింటోళ్లు అంటే ఆయనకు వినిపించే గొంతులు. ముగ్గురట. ఇద్దరు ఆడవాళ్లు, ఒక ముసలాయన. వాళ్లను తిట్టేవాడు కాదు, భయపడేవాడూ కాదు. ఇరుగుపొరుగు గురించి ఎవరైనా ఎలా విసుక్కుంటారో అలాగే విసుక్కునేవాడు. మందు తీసుకునేటప్పుడు ఎలా ఉందని అడిగితే, పక్కింటోళ్లు ఊరికి పోయారని ఒకసారి, ఇంట్లనే ఉన్నారు గాని తలుపేసుకున్నారని ఒకసారి చెప్పేవాడు. కొత్తలో నాకు నవ్వొచ్చేది. ఆయనకూ నవ్వొచ్చేదేమో, కాని మొహం మీద ఏమీ కనిపించేది కాదు. ఒకరోజు అదే అడిగాను.

"నవ్వు అస్తది భాయ్. లోపట్నే ఉంటది, మొకం మీదికి ఎక్కది" అన్నాడు.

నా దగ్గర మందుల వివరాల పుస్తకం ఒకటి ఉంది. అందులో ఈ మందు గురించి, ముఖంలో భావం తగ్గుతుందని ఒక్క ముక్కలో రాసి ఉంటుంది. నిలబడ్డచోట నిలవలేకపోవడం అని ఇంకో ముక్క. ఆయన కౌంటరు ముందు నిలబడితే కుడికాలి మీద కాసేపు, ఎడమకాలి మీద కాసేపు. కాళ్లలో చీమలు పారుతున్నాయనేవాడు. నోట్లో ఊట ఎక్కువవుతుందని ఇంకో ముక్క. అందుకే భుజాన తువ్వాల. గడ్డాలు తుడిచే తువ్వాలతోనే పెదవి చివర ఒత్తుకునేవాడు, చూసేవాళ్లకు పనిలోంచి నేరుగా వచ్చాడనిపించేది. పుస్తకంలో ఈ ముక్కలన్నీ ఒక వరసలో, చిన్న అక్షరాల్లో, ఒకదానికొకటి సంబంధం లేనట్టు ఉంటాయి. ఆయన్ను చూశాకే అవన్నీ ఒకే మనిషికి ఒకేసారి జరుగుతాయని నాకు అర్థమైంది.

ఆయన పనితనం గురించి చెప్పాలి. మనుషుల్ని పేర్లతో గుర్తుపెట్టుకునేవాడు కాదు. తలమీద రెండు సుడులున్నాయన, కంఠం మీద పుట్టుమచ్చ ఆయన, గదవ కింద వెంట్రుక ఎదురు మొలిచే సారు. ఒకసారి బ్యాంకు మేనేజరు నా షాపుకు వస్తే, ఈయన పక్కనే నిలబడి, సారు ఎడమ చెవి వెనక చిన్న గంటు ఉంటుంది, చిన్నప్పుడు ఎక్కడో పడ్డాడని నాతో చెప్పాడు. మేనేజరు ఉలిక్కిపడ్డాడు, ఆ గంటు సంగతి ఆయన భార్యకు కూడా తెలియదట. అందరూ విరిచి పారేసే బ్లేడ్లకు మారినా, ఈయన మడత కత్తినే వాడేవాడు. తోలు పట్టా మీద దాన్ని రుద్దుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉండేది. నా ఖత్ పన్నెండేళ్లు ఆయనే పెట్టాడు. అద్దం చూసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఇక నా సంగతి. ఆ రెండో మందును, ఆ చిన్నదాన్ని, పోకిరీలు కొందరు మత్తు కోసం మింగడం మొదలుపెట్టారు. చీటీ లేకుండా వచ్చి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. పక్క ఊళ్లో ఒక షాపు మీద అధికారులు దాడి చేశారని వినగానే నాకు భయం పట్టుకుంది. ఎందుకొచ్చిన గొడవ అని ఆ మందు తెప్పించడమే మానేశాను. నెలకు దాన్ని నిజంగా కొనేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆయన భార్య వచ్చినప్పుడు పెద్దది మాత్రం ఇచ్చాను. చిన్నది లేదా అని అడిగింది. అది జబ్బుకు కాదక్కా, ఎక్కువ వాడితే అలవాటైతది, ఇగ అవసరం లేదు అన్నాను. ఆమె తల ఊపింది. డాక్టరు చెప్పినదానికంటే నేను చెప్పినదాన్నే ఎక్కువ నమ్మింది. డాక్టరు పదిహేను రోజులకోసారి, అదీ జగిత్యాలలో దొరుకుతాడు. నేను రోజూ దొరుకుతాను.

నెలన్నరలో ఆయన చేయి వణకడం మొదలైంది. ముందు టీ గ్లాసులో తెలిసింది. తర్వాత కత్తెర. ఒక పెళ్లికొడుక్కు చెంప మీద చిన్న గాటు పడితే పటికె రాసి రక్తం ఆపాడు గాని, మాట ఆగలేదు. జబ్బు ముదిరిందని ఊరంతా అనుకుంది. ఆయనా అదే అనుకున్నాడు. నేనేమనుకున్నానంటే, పెద్దది వాడేవాళ్లకు ఇది మామూలే అనుకున్నాను. ఆ మామూలును ఆపడానికి ఇంకో మందు ఉందని, దాన్ని నేనే ఆపానని నాకు తెలుసు. తెలుసు గాని, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. పెట్టి చూడకపోవడం నాకు సులువుగా ఉండింది.

షాపు ఆయన అన్న కొడుకు చేతిలోకి పోయింది. ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి తల మాలిష్ పని అప్పజెప్పాడు. విచిత్రమేమంటే ఆ మాలిష్‌కు మంచి పేరొచ్చింది. వేళ్లు వాటంతటవే అదురుతుంటే నెత్తికి హాయిగా ఉంటుందని జనం అడిగి మరీ చేయించుకున్నారు. నేనూ చేయించుకున్నాను, నిజంగానే హాయిగా ఉంది. ఆయనకు మాత్రం అది తలవంపుగా ఉండేది. కత్తి పట్టిన చేయి నెత్తి పిసుకుతున్నదని నాతో ఒకసారి అన్నాడు. రోజూ పొద్దున ఇంటి ముందు కూర్చుని, పనిలో లేని ఆ కత్తిని తోలు మీద రుద్దుకునేవాడట. పిచ్చోని చేతిల కత్తేందని వాడకట్టువాళ్లు ఆయన భార్యను నిలదీశారు. ఆమె దాచలేదు. కత్తి దాస్తే మనిషి ఉండడని చెప్పి పంపించింది.

అప్పుడు తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్డు మీదికొచ్చాయి. బస్సుల్లేవు, బడుల్లేవు, ఆఫీసుల్లో మనుషుల్లేరు. జగిత్యాల–మెట్‌పల్లి రోడ్డు మీద టెంటు వేసి రోజుకొక సంఘం వంతున దీక్షలో కూర్చునేవారు. కూర్చోవడమొక్కటే కాదు, ఎవరి పని వాళ్లు నడిరోడ్డు మీదే చేసేవారు. చాకలివాళ్లు ఇస్త్రీ పెట్టెలు తెచ్చారు. టైలర్లు మిషన్లు తెచ్చారు. ఆడవాళ్లు పొయ్యిలు పెట్టి అన్నాలు వండారు. మందుల షాపులకు బంద్ లేదు గనక నేను సగం షట్టరు దించుకుని, పని లేనప్పుడల్లా వెళ్లి ఆ తమాషా చూసేవాణ్ని. తమాషా అంటే కోపమొస్తుంది గాని, ఆ రోజుల్లో మాకు ఏడుపూ సంబరమూ ఒక్కచోటే జరిగేవి.

క్షౌరశాలల సంఘం వంతు వచ్చిన రోజు రోడ్డు మీద ఎనిమిది కుర్చీలు వేశారు. అద్దాలు టెంటు కర్రలకు కట్టారు. నాయకులకు, ఉద్యోగులకు, ఎవరొస్తే వాళ్లకు ఉత్త పుణ్యానికి గడ్డాలు. ఈయన ముందురోజే సంఘం అధ్యక్షుడి ఇంటికి వెళ్లి, నాకూ ఒక కుర్చీ కావాలని అడిగాడట. వయసులో పెద్దవాడు, కాదనలేకపోయారు. చివరి కుర్చీ ఇచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కత్తి తెరిచి, తువ్వాల మడిచి నిలబడ్డాడు. ఏడు కుర్చీల ముందూ వరసలున్నాయి. ఎనిమిదో కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. పేపరువాళ్లు ఫొటోలు తీస్తున్నారు. అధ్యక్షుడికి ఇబ్బందిగా ఉన్నట్టుంది, చుట్టూ చూసి నన్ను పట్టుకున్నాడు. మెడికల్ భాయ్, మీ పాత మంగలే గద, కూసోండ్రి అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. కూర్చున్నాను.

ఆయన బట్ట కట్టాడు. నీళ్లు చల్లి గడ్డం తడిపాడు. నేను కళ్లు మూసుకుని, గాటు పడితే పడనీ, అందరి ముందూ మర్యాదగా భరిద్దామని సిద్ధపడ్డాను. కత్తి కుడి చెంప మీద పెట్టాడు. ఒక్క గీత. చేయి ఇసుమంతైనా వణకలేదు. మెడ మీదికి దిగింది, అక్కడా అంతే. వెనకటి చేయే అది. నాకు సంతోషమేసింది. ఎంత బాగైపోయాడు అనుకున్నాను.

ఆ తర్వాతే లెక్క తట్టింది. పెద్దది మింగుతూ, చిన్నది లేకుండా ఆ చేయి ఇలా నిలవదు. చిన్నది ఊళ్లో ఇంకెవరి దగ్గరా దొరకదు. చేయి ఎందుకు నిలిచిందో అప్పుడు అర్థమైంది. ఈ ఒక్కరోజు కోసం గోలీలు మానేశాడు. అదే సమయంలో ఆయన మెల్లగా ఏదో అనడం వినిపించింది. నాతో కాదు. ఆగుండ్రి, అయిపోవస్తుంది అంటున్నాడు, ఓపిక లేని గిరాకీకి చెప్పినట్టు. కత్తి నా గొంతు మీద ఉంది.

ఆయన నాకేమీ చేయలేదు. చేసేవాడూ కాదు. పక్కింటోళ్ల మాట విని ఆయన ఒక మనిషిని కొట్టిన దాఖలా అంతకుముందూ లేదు, తర్వాతా లేదు. ఇదంతా ఇప్పుడు రాయగలను. అప్పుడు మాత్రం ఆయన మణికట్టు పట్టుకుని పక్కకు నెట్టి లేచాను. బట్ట మెడకే ఉంది. షాపు తాళం వెయ్యలేదని ఏదో అబద్ధం చెప్పాను. మొదట ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఏడు కుర్చీల దగ్గరా పని ఆగిపోయింది.

"ఇంకో పక్క ఉన్నది భాయ్" అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు, పని మధ్యలో ఆగితే ఉండే తొందర మాత్రమే.

నేను ఆగలేదు. బట్ట తీసి కుర్చీ మీద వేసి వచ్చేశాను. ఇంటికి వెళ్లి తలుపేసుకుని రెండో పక్క నేనే గీసుకున్నాను, వంకరగా.

మర్నాడు పొద్దున ఆయన భార్య షాపుకు వచ్చింది. మనిషి ఇంట్లో లేడంది. గోలీలు రోజూ చేతిలో పెట్టానని, నాలుక కింద దాచి పెరట్లో ఊసేస్తున్నాడని తనకు తెలియలేదని చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్లే నిలవలేకపోయాను. రెండు రోజులు చుట్టుపక్కల వెతికారు. మూడోరోజు సిరిసిల్ల నుంచి ఆయన బిడ్డ ఫోన్ చేసింది. అల్లుడికి అక్కడ సాంచలున్నాయి, అంటే మరమగ్గాలు. ఆయన రోడ్డు పట్టుకుని నడిచి వాళ్లింటికి చేరాడు. కోరుట్ల నుంచి సిరిసిల్లకు రెండు రోజులు నడక. కాళ్లలో చీమలు పోయాయి గాని, పోవడానికి ముందు వాటికి మంచి పని దొరికింది.

అన్న కొడుకు, నేను బండి మీద బయల్దేరాం. రుద్రంగి దాటాక చందుర్తి దగ్గర రోడ్డుకడ్డంగా రాళ్లు పెట్టి వంటలు చేస్తున్నారు. పేషెంటును తేవడానికి పోతున్నామంటే ఎవరిని, ఏం జబ్బు అని అడిగారు. అన్న కొడుకు నావైపు చూశాడు. జ్వరం అన్నాను. అన్నం తినేదాకా పోనియ్యలేదు. విస్తట్లో పప్పు వడ్డించినాయన నా మొహం పరీక్షగా చూసి, ఖత్ ఎవరు పెట్టారు భాయ్, ఒక దిక్కు ఒక తీరుగుంది అన్నాడు. తల వంచుకుని తిన్నాను.

సిరిసిల్లలో సాంచలు ఒకపూట నడుస్తున్నాయి, ఒకపూట బందున్నాయి. మేం వెళ్లేసరికి నడుస్తున్నాయి. షెడ్డులో నాలుగు సాంచల మధ్య పీట వేసుకుని కూర్చున్నాడు. ఆ చప్పుడులో మాట వినాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి. నేను దగ్గరికి పోతే గుర్తుపట్టాడు, నా గడ్డం వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. ఇంటికి పోదాం అన్నా అన్నాను.

"గీడ మంచిగున్నది భాయ్. పక్కింటోళ్లు సామాన్లు గూడ తెచ్చుకున్నరు. గీ సప్పుల్ల వాళ్ల మాట ఇనవడతలేదు."

సాయంత్రం సాంచలు ఆగాయి. ఆగిన మరుక్షణం ఆయన రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు. బిడ్డ వచ్చి ఆ చేతుల మీద తన చేతులు పెట్టింది. అట్లా కాసేపు కూర్చున్నారు ఇద్దరూ. నేను బయటికి వచ్చి నిలబడ్డాను. మందులమ్మేవాణ్ని, జబ్బును అంత దగ్గరగా చూడడం నాకదే మొదలు.

జగిత్యాలలో డాక్టరు వచ్చే రోజు చూసుకుని అల్లుడు జీపులో తీసుకొచ్చాడు. ఆయన భార్యా, నేనూ వెళ్లాం. డాక్టరు పాత చీటీ తిరగేసి, ఆయన చేతులు ముందుకు చాపించి చూసి, గోలీలు మళ్లీ వేసుకోవాలని చెప్పాడు. వేసుకుంటే చేయి వణుకుతుందని, అందుకే మానేశాడని ఆయన భార్య చెప్పింది. వణుకు ఎందుకొస్తుంది, దానికి రెండో మందు రాశాను కదా అన్నాడు డాక్టరు. చీటీ మీద వేలు పెట్టి చూపించాడు. ఆ గది చిన్నది. అందులో మేం ఐదుగురం ఉన్నాం. దీన్ని ఆపమని ఎవరు చెప్పారని డాక్టరు అడిగాడు. ఆమె గోడ మీది క్యాలెండరు చూస్తోంది. చెప్పాల్సింది నేను. చెప్పడానికి నోరు తెరిచాను కూడా, తెరిచాననే గుర్తు.

"నేనే బంజేసిన సార్. చేదుగున్నదని" అన్నాడు ఆయన.

డాక్టరు ఆయన్ను గట్టిగానే కోప్పడ్డాడు. ఆ వణుకంతా ఊరికే పడ్డాడని, ఆ ఒక్క గోలీ వేసుకుని ఉంటే పని పోయేది కాదని, ఇదంతా జరిగేదే కాదని. ఆయన తల వంచుకుని విన్నాడు. నా తప్పుకు తిట్లు ఆయన తిన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఎందుకలా చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు. అడిగితే నిజం ఒప్పుకున్నట్టవుతుందని అడగలేదు, అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

కోరుట్లకు వచ్చిన వెంటనే చిన్నది తెప్పించాను. చీటీలు చూసి, రిజిస్టరులో రాసి ఇవ్వడం పెద్ద కష్టమేమీ కాదని అప్పుడు తెలిసింది. రెండు నెలల్లో పక్కింటోళ్లు మళ్లీ తలుపేసుకున్నారు. చేయి కూడా నిలిచింది, పూర్తిగా కాకపోయినా కత్తి పట్టేంత నిలిచింది. నోరెండుతోందనేవాడు, అది చిన్నదాని గుణం. దానికేం, నీళ్లు తాగుతానన్నాడు.

అన్న కొడుకు మంచివాడే, షాపులో మళ్లీ ఒక కుర్చీ ఇచ్చాడు. పొద్దున వచ్చి అద్దం తుడిచి, కత్తి నూరి, కుర్చీ వెనక నిలబడేవాడు. ఎవరూ కూర్చునేవారు కాదు. పెళ్లికొడుకు చెంప మీది గాటును ఊరు ఎప్పుడో మర్చిపోయింది. నడిరోడ్డు మీద మెడికల్ భాయ్ లేచి పరిగెత్తడం మాత్రం మర్చిపోలేదు. మందులిచ్చేవాడే భయపడ్డాడంటే లోపలి సంగతి ఏదో ఉండే ఉంటుందని జనం అనుకున్నారు. వాళ్ల తప్పేం లేదు. ఇంకొకరి విషయంలో నేనూ అలాగే అనుకునేవాణ్ని.

తెలంగాణ వచ్చింది. బజార్లో పటాకులు కాల్చారు, మిఠాయిలు పంచారు. ఆ తర్వాతి వారం మందు కోసం వచ్చినప్పుడు ఆయన కౌంటరు మీదున్న నా టీ గ్లాసు తీసుకుని అరచేతిలో పెట్టుకున్నాడు. చేయి చాపి నా ముందు పట్టుకున్నాడు. గ్లాసు నిండుగా ఉంది. ఒక్క చుక్క కదల్లేదు.

"శుక్రారం షాపుకు రా భాయ్. నువ్వొక్కనివి కూసుంటే అందరు కూసుంటరు."

వస్తాను అన్నా, అని చెప్పాను. ఆ నాలుగు రోజులూ వెళ్లాలనే అనుకున్నాను. ఆయన తప్పకుండా మందు వేసుకుంటున్నాడని ఊళ్లో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. గురువారం సాయంత్రం కూడా వెళ్లాలనే ఉంది. శుక్రవారం పొద్దున గొంతు మీద చేయి పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. భయమేసింది. దానికి ఇంకో పేరు లేదు. మసీదు పక్కన కొత్తగా తెరిచిన సెలూనుకు వెళ్లి కూర్చున్నాను. సగం అయ్యాక అద్దంలో రోడ్డు మీద ఆయన కనిపించాడు. తువ్వాల భుజాన వేసుకుని, నా కోసం షాపు దిక్కు పోయి వస్తున్నాడో, ఊరికే వస్తున్నాడో తెలియదు. తల తిప్పి లోపలికి చూశాడు. ఆగలేదు. నేను ఈసారి లేవలేదు, పని పూర్తయ్యేదాకా కూర్చున్నాను.

నెల తిరిగాక మందు కోసం వచ్చాడు. పాత స్థలంలోనే నిలబడ్డాడు. నేను అడగకుండానే రెండు పట్టీలు తీసి కౌంటరు మీద పెట్టాను. ఆయన చిన్నదాన్ని ఒక వేలితో నావైపుకు జరిపాడు.

"గిది అద్దు భాయ్."

వణుకుతది గదన్నా అన్నాను.

"వణికితే వణకనియ్యి. ఇగ ఎవ్వల గడ్డం పట్టాలె."

ఏదైనా అనాల్సింది. ఇప్పుడే కూర్చుంటాను, కత్తి తెచ్చుకో అనాల్సింది. పక్కన వేరే గిరాకీలు ఉన్నారు. పెద్దది ఒక్కటే కాగితం సంచిలో వేసి ఇచ్చాను. ఆయన తీసుకున్నాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు, ప్రతి నెలా, ఆయన అడిగినట్టే ఒక్క రకమే ఇచ్చాను.